అమ్మని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళాలి?

(స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మాట్లాడబోయే విషయం పేరు వింటే, ఇది మన సమావేశంలోకి దారి తప్పి వచ్చిందేమోనని మీలో చాలామందికి అనిపించవచ్చు. వెబ్ సర్వీసులను యంత్రమే తనంతట తాను కలిపి కూర్చే అల్గారిథమ్‌ల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నేను కంప్యూటర్ శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. సమాజశాస్త్రంలో పరిశోధన చేసి, ఇంటి చాకిరీ గురించీ స్త్రీల ఆరోగ్యం గురించీ ఇన్నేళ్ళుగా రాస్తున్నదాన్ని. నన్ను ఈ విషయంలోకి లాక్కొచ్చింది మా అమ్మ మోకాలు.

మూడేళ్ళ క్రితం అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మా తమ్ముడు విదేశంలో ఉంటాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి కారు, మందులు, ఇంటికొచ్చి రక్తం తీసుకునే మనిషి, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ, అన్నీ అక్కడి నుంచే ఫోన్‌లో బుక్ చేశాడు. "అక్కా, అన్నీ సెట్ చేసేశాను, నువ్వేం పెట్టుకోకు" అన్నాడు. వాడి ప్రేమలో లోపం లేదు. కాని వచ్చిన కారులో వాకర్ పట్టలేదు. పరగడుపున రక్తం ఇవ్వాల్సిన రోజునే ఫిజియోథెరపీ అబ్బాయి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. అమ్మేమో "ఆడమనిషి అయితే బాగుండేది, నన్నడిగి పెట్టారా?" అంది. ఆ మాట చెప్పడానికి ఆ ఫోన్‌లో గడి లేదు. నేను 11 రోజులు సెలవు పెట్టాను. ఏ సర్వీసూ పని చెయ్యలేదని కాదు. విడివిడిగా చూస్తే అన్నీ పని చేశాయి. వాటి మధ్య ఖాళీల్లో నేను నిలబడ్డాను, అంతే.

అప్పుడు నాకు పాత వ్యాసం ఒకటి గుర్తొచ్చింది. దాని గురించి చెప్తాను.

ఒక వ్యాసం, ఒక అమ్మ

2001 మే నెలలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసీలా కలిసి ఒక వ్యాసం రాశారు. బెర్నర్స్-లీ అంటే వెబ్‌ని కనిపెట్టిన మనిషి. ఆ వ్యాసం పేరు 'ద సెమాంటిక్ వెబ్'. వెబ్‌లోని సమాచారం మనుషులకే కాక యంత్రాలకీ అర్థమయ్యేట్టు రాసి పెడితే, యంత్రాలు మన తరఫున పనులు చక్కబెడతాయని దాని సారాంశం.

వ్యాసం ఒక చిన్న కథతో మొదలవుతుంది. పీట్ అనే అతను పాట వింటూ ఉంటాడు. ఫోన్ మోగుతుంది. అక్కో చెల్లెలో, లూసీ, డాక్టరు దగ్గర నుంచి మాట్లాడుతోంది. అమ్మకి స్పెషలిస్టుని చూపించాలి, తర్వాత వరసగా ఫిజియోథెరపీ చేయించాలి. లూసీ తన చేతిలోని పరికరంలో ఉన్న 'ఏజెంటు'కి పని అప్పగిస్తుంది. అది డాక్టరు ఏజెంటు నుంచి చికిత్స వివరాలు తీసుకుని, ఇన్సూరెన్సులో ఉన్న, ఇంటికి దగ్గరలో ఉన్న, మంచి పేరున్న కేంద్రాలను వెతికి, పీట్, లూసీల తీరిక వేళలతో సరిచూసి ఒక పథకం ఇస్తుంది. ఆసుపత్రి ఊరికి ఆ చివరన ఉంది, వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి అని పీట్‌కి అది నచ్చదు. మళ్ళీ వెతికిస్తాడు. ఇంకో పథకం వస్తుంది.

ఇక్కడ ముగ్గురు మనుషులు ఎక్కడున్నారో గమనించండి. కొడుకు ఇంట్లో పాట వింటున్నాడు. కూతురు అమ్మ విషయమై డాక్టరు దగ్గర ఉంది. అమ్మ కథ మొత్తంలో ఒక్క మాట కూడా మాట్లాడదు. పథకంలోకి ఎక్కిన ఇష్టాయిష్టాలన్నీ కారు నడిపేవాళ్ళవి.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకే అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'షాప్-2' అనే ప్లానర్‌తో వెబ్ సర్వీసులను ఎలా కూర్చవచ్చో చూపించినప్పుడు, వాళ్ళు తీసుకున్న ఉదాహరణ కూడా ఇలాంటిదే, జబ్బుచేసిన తల్లికి వైద్యం ఏర్పాట్లు చెయ్యడం. ఇక ఈ రంగంలో పరిశోధకులు అందరికంటే ఎక్కువగా వాడిన రెండో ఉదాహరణ ప్రయాణం ఏర్పాట్లు: విమానం టిక్కెట్టు, హోటలు, కారు. మన ఇళ్ళలో, ఆఫీసుల్లో ఈ రెండు పనులూ ఎవరి నెత్తిన పడతాయో మీకు నేను చెప్పాలా? ఈ శాస్త్రానికి తొలి ముడిసరుకు స్త్రీలు చేసే ఏర్పాట్ల పని. ఆ సంగతి ఆ పత్రాల్లో ఎక్కడా రాసి ఉండదు.

యంత్రం ఎలా కలుపుతుంది?

ఇది అర్థం కాని విషయమేమీ కాదు. మనం రోజూ చేసేదే. భర్త పోయిన ఒక స్త్రీ మీ సంఘం ఆఫీసుకి వచ్చిందనుకోండి. ఆమెకి పింఛను కావాలి. మీరు వెనక నుంచి ముందుకి లెక్క వేస్తారు. పింఛనుకి మరణ ధ్రువపత్రం కావాలి, ఆధార్ కావాలి, బ్యాంకు ఖాతా కావాలి. మరణ ధ్రువపత్రానికి ఫలానా చోట నమోదు కావాలి. ఖాతాకి ఆధార్ కావాలి, ఆధార్‌లో పేరు తప్పుంటే ముందు అది దిద్దించాలి. చేతిలో ఉన్న కాగితం దగ్గరికి వచ్చే దాకా ఇలా వెనక్కి నడుస్తారు. ఆ తర్వాత ఆమెని అదే దారిలో ముందుకి నడిపిస్తారు.

అల్గారిథమ్ చేసేదీ ఇదే. ప్రతి వెబ్ సర్వీసుకీ నాలుగు విషయాలు రాసి పెడతారు: దానికి ఏం ఇవ్వాలి, అది ఏం ఇస్తుంది, దాన్ని పిలిచే ముందు ఏ షరతు నెరవేరి ఉండాలి, పిలిచాక లోకంలో ఏం మారుతుంది. ఒకదాని ఫలితం ఇంకోదానికి సరుకుగా సరిపోతే రెంటినీ ముడి వేస్తారు. లక్ష్యం నుంచి వెనక్కి గాని, ఉన్నదాని నుంచి ముందుకి గాని వెతుకుతూ గొలుసు కడతారు. ఇలా రాసిపెట్టడానికే ముందు డబ్ల్యూ.ఎస్.డి.ఎల్. అనే భాష వచ్చింది, 2004లో అర్థాన్ని కూడా చెప్పే ఓ.డబ్ల్యూ.ఎల్.-ఎస్. వచ్చింది.

ఒకే పనికి పది, ఇరవై సర్వీసులు పోటీపడితే ఏది ఎంచుకోవాలి? పది పనులున్న గొలుసులో ఒక్కో పనికి ఇరవై సర్వీసులుంటే, సాధ్యమయ్యే గొలుసులు పది లక్షల కోట్లకు పైనే ఉంటాయి. అన్నీ చూడటం కుదరదు కాబట్టి తూకం వేస్తారు. 2004లో వచ్చిన, ఈ రంగంలో చాలామంది ఆధారంగా తీసుకున్న ఒక పత్రంలో తూకపు రాళ్ళు ఐదు: ధర, పట్టే సమయం, పేరు ప్రతిష్ఠ, పని విజయవంతంగా పూర్తయ్యే అవకాశం, పిలిచినప్పుడు అందుబాటులో ఉండటం. దేనికి ఎంత బరువు ఇవ్వాలో వాడేవాళ్ళు చెప్పవచ్చు.

ఇక్కడ ఆగుదాం. 'పట్టే సమయం' అంటే ఎవరి సమయం? సర్వీసు జవాబివ్వడానికి పట్టే సమయం. ఆ జవాబు కోసం ఒక స్త్రీ కూలి పోగొట్టుకుని లైన్లో నిలబడ్డ సమయం ఏ రాయితోనూ తూగదు. మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దాని మీద రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఇన్ని యాప్‌లు వచ్చిన ఐదేళ్ళలో ఆ స్త్రీలకి మిగిలింది రోజుకి పది నిమిషాలు.

'ముందు నెరవేరి ఉండాల్సిన షరతు' సంగతీ అంతే. ఓటీపీ చూసుకోవడానికి చేతిలో ఫోన్ ఉంటుందన్నది అడక్కుండానే నెరవేరిన షరతు కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉందని చెప్పిన స్త్రీలు 54 శాతం. మిగిలినవాళ్ళకి ఓటీపీ భర్త ఫోన్‌కో, కొడుకు ఫోన్‌కో వెళ్తుంది. గృహహింస కేసుల్లో ఉన్న స్త్రీల విషయంలో దీనికి అర్థం ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో అతని ఫోన్‌లోనే ఆమె అడుగులు నమోదవుతుంటాయి.

అతుకుల పని

సమాజశాస్త్రంలో ఈ విషయానికి ఒక పేరుంది. ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త ముగ్గురు స్త్రీ పరిశోధకులతో కలిసి ఆసుపత్రుల్లో పని ఎలా జరుగుతుందో ఏళ్ళ తరబడి చూసి 1985లో ఒక పుస్తకం తెచ్చారు. డాక్టరు పని, నర్సు పని, ల్యాబ్ పని అని విడివిడిగా మనం చెప్పుకునే వాటన్నిటి మధ్యా, ఒకదాన్ని ఇంకోదానితో కలిపే పని మరొకటి ఉంటుందని వాళ్ళు గమనించారు. దానికి 'ఆర్టిక్యులేషన్ వర్క్' అని పేరు పెట్టారు. మనం 'అతుకుల పని' అనుకోవచ్చు. అది బాగా జరిగినంత కాలం ఎవరికీ కనపడదు. జరగని రోజున మాత్రం "ఎవరూ పట్టించుకోలేదా?" అంటారు.

1987లో లూసీ సచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త ఇంకో మాట చెప్పింది. జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రంలో పని చేస్తూ, మామూలు మనుషులు ఒక కాపీ యంత్రంతో పడే తిప్పలు ఆమె దగ్గరుండి చూసింది. ఆ యంత్రం మనుషుల చేతల్ని ముందే వేసుకున్న పథకంతో పోల్చుకుని అర్థం చేసుకునేది. కాని మనిషి పథకం ప్రకారం నడవదు, ఎదురైన పరిస్థితిని బట్టి నడుస్తుంది, పథకం ఒక ఆసరా మాత్రమే అని ఆమె తేల్చింది. సర్వీసుల్ని కూర్చే ప్లానర్లకి ఈ మాట ఇప్పటికీ వర్తిస్తుంది. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చిన పొద్దున అమ్మకి కాఫీ లేదు, ఓపిక లేదు. ఆ రోజు వద్దు, రేపు రమ్మని అప్పటికప్పుడు చెప్పింది ఏ పథకమూ కాదు.

గొలుసులో ఒక లింకు తెగితే ఏం చెయ్యాలన్నది కూడా ఈ శాస్త్రం ఆలోచించింది. అంతవరకు జరిగిన అడుగుల్ని వెనక్కి తిప్పే అడుగులు ముందే రాసి పెట్టుకుంటారు. హోటలు దొరక్కపోతే విమానం టిక్కెట్టు రద్దు. బాగానే ఉంది. కాని రేషన్ ఆగిన మూడు నెలల్ని వెనక్కి తిప్పే అడుగు ఏది?

మాట ఒకటే, అర్థం వేరు

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు, గొలుసు తెగకుండానే జరిగే తప్పు. ఒక సర్వీసు ఇచ్చే 'ఆదాయం', ఇంకో సర్వీసు అడిగే 'ఆదాయం' పేరులో ఒకటే కాబట్టి యంత్రం కలిపేస్తుంది. ఆస్ట్రేలియాలో 'రోబోడెట్' అని పేరు పడ్డ వ్యవహారం ఇదే. అక్కడ పన్నుల శాఖ దగ్గర ఉండేది ఏడాది ఆదాయం. సంక్షేమ శాఖ భృతి లెక్కించేది రెండు వారాల ఆదాయం మీద. 2015లో మొదలైన ఆ పథకంలో ఏడాది ఆదాయాన్ని సమానంగా పంచి, ప్రతి రెండు వారాలకీ ఇంత సంపాదించారని ఊహించుకుని, "మీరు ఎక్కువ భృతి తీసుకున్నారు, తిరిగి కట్టండి" అని లక్షల మందికి నోటీసులు పంపారు. ఆరు నెలలు పని ఉండి ఆరు నెలలు లేని మనిషికి ఆ సగటు అబద్ధం. అది అబద్ధమని పాత జీతం కాగితాలు వెతికి నిరూపించుకోవలసిన భారం కూడా ఆ మనిషిదే. 2020లో 4,70,000 బాకీలకు సంబంధించి 72 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. 2023 జులైలో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినవాళ్ళలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులున్నారు.

మన దగ్గరి సంగతి చూద్దాం. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చినప్పుడు ఇచ్చిన హామీ ఒకే కిటికీ దగ్గర అన్ని పనులూ అని. ఆ హామీకి విలువ లేదని నేనను. అయితే కిటికీ వెనక శాఖలన్నిటి రికార్డులూ కలుస్తున్నప్పుడు అవి ఎవరి కోసం కలుస్తున్నాయన్నది ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వం తయారు చేయించిన 'సమగ్ర వేదిక' అనేక శాఖల రికార్డులను కలిపి, ఏ ఏ రికార్డులు ఒకే మనిషివో పేరు, చిరునామా పోలికలతో తేలుస్తుంది. ఇది సరిగ్గా నేను ఇందాక చెప్పిన ప్లానర్ కాదు, దానికి దగ్గరి చుట్టం. ఆహార భద్రత కార్డులకు అర్హుల్ని తేల్చడంలో దాన్ని వాడారు. 2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు ముందస్తు నోటీసు లేకుండా రద్దయ్యాయి. ఈ రద్దుల మీద పడిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్ళీ తనిఖీ చెయ్యమంది. 2024 జనవరిలో పత్రికా పరిశోధకులు బయటపెట్టిన లెక్క ప్రకారం, తేల్చిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర.

ఆ కథనాల్లో వచ్చిన ఒక ఇంటి సంగతి ఇది. ఇంటాయన రిక్షా తొక్కేవాడు. ఆయన పేరుని పోలిన పేరున్న ఇంకొకాయనకి కారుంది. ఇద్దరూ ఒకరేనని యంత్రం తేల్చింది. కార్డు పోయింది. తమకి కారు లేదని నిరూపించుకునే పని ఆ ఇంటి స్త్రీ మీద పడింది. నీకు కారు ఉందని చెప్పే సర్వీసు ప్రభుత్వం దగ్గర ఉంది. లేదని చెప్పే సర్వీసు లేదు. లేమికి ధ్రువపత్రం తెచ్చుకోవడం పేదవాళ్ళకి ఎప్పుడూ కష్టమే. ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్ళి అడగాలో కూడా తెలియదు. పౌరసరఫరాల వాళ్ళు కంప్యూటర్ అంటారు, కంప్యూటర్ దగ్గరున్నవాళ్ళు పై నుంచి వచ్చిందంటారు.

2001 నాటి వ్యాసంలో లక్ష్యం "అమ్మకి చికిత్స దొరకాలి". ఇక్కడ లక్ష్యం "అనర్హుల్ని ఏరెయ్యాలి". కలపడం అనే మెళకువ రెంటికీ ఒకటే. లక్ష్యం ఎవరు రాశారన్నదే తేడా.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు?

నిజానికి ఆ మొదటి కల చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. సర్వీసులన్నీ జాబితా కట్టి అందరికీ తెరిచి పెట్టిన బహిరంగ పట్టికను ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, శాప్ కంపెనీలు 2006 జనవరిలో మూసేశాయి. సర్వీసులకి అర్థం రాసిపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. అదీ అతుకుల పనే కదా! ఇంజనీర్లు ఒక్కొక్క జత సర్వీసుల్ని చేత్తో కుట్టుకుంటూ వచ్చారు. ఈ మధ్య, 2023 నుంచి, మామూలు భాషలో చెప్పింది అర్థం చేసుకుని తమంతట తామే సర్వీసుల్ని పిలిచే కృత్రిమ మేధ ఏజెంట్లు వచ్చాయి. 2024 నవంబర్‌లో వాటిని సర్వీసులతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళ నాటి కల కొత్త బట్టలు కట్టుకుంది. పాత ప్లానర్ కనీసం ఏ సర్వీసు తర్వాత ఏ సర్వీసు పిలిచిందో వరస చూపించేది. కొత్త ఏజెంటు అదే పని రెండోసారి అడిగితే వేరే దారిలో వెళ్ళవచ్చు. కాబట్టి ఎక్కడ తప్పు జరిగిందో అడిగే హక్కు మనకి ఇంకా ముఖ్యమవుతుంది.

మనం ఏం చెయ్యాలి?

యంత్రాన్ని వద్దని నేననడం లేదు. అతుకుల పని తగ్గితే ముందు సంతోషించేది మనమే. కాని దాని షరతులు మనం రాయాలి. నాకు తోచినవి నాలుగు చెప్తాను.

ఒకటి. రికార్డులు కలిపి ఒక స్త్రీకి ఏదైనా కాదన్నప్పుడు, ఏ శాఖ రికార్డు వల్ల కాదన్నారో ఆమె చదవగలిగే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలి. "సిస్టమ్ తీసుకోవడం లేదు" అన్నది జవాబు కాదు.

రెండు. ముందు నోటీసు, తర్వాత ఇంటికొచ్చి తనిఖీ, ఆ తర్వాతే రద్దు. పోలిక చూసి అనుమానపడే అధికారం యంత్రానికి ఇవ్వవచ్చు, తీర్పు చెప్పే అధికారం ఇవ్వకూడదు. నిరూపించే భారం కాదన్నవాళ్ళది.

మూడు. ఇలాంటి ప్రతి ఏర్పాటులో ఏ నియమాలు పెట్టారు, దేనికి ఎంత బరువిచ్చారు అన్నది సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. వాళ్ళు ఇవ్వకపోతే ఇవ్వలేదన్న కాగితం కూడా మనకి సాక్ష్యమే.

నాలుగోది మన చేతిలో ఉంది, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. మీ దగ్గరికి వచ్చిన ప్రతి కేసుకీ గొలుసు రాసిపెట్టండి. ఏ కాగితం కోసం ఏ ఆఫీసుకి వెళ్ళారు, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, బస్సు చార్జీ ఎంత, పోయిన కూలి ఎంత, వెంట ఎవరు వెళ్ళారు, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వచ్చింది. ఒక నోటుపుస్తకం చాలు. వంద కేసులు పోగయ్యాక ఐదు తూకపు రాళ్ళ పక్కన ఆరో రాయి పెట్టమని, స్త్రీల సమయాన్ని కూడా తూయమని మనం లెక్కతో అడగగలం. ఇన్నాళ్ళూ ఈ పని మనం జబ్బ సంచిలో కాగితాలు పెట్టుకుని చేస్తూనే ఉన్నాం. దాన్ని పని అని రాసుకోలేదు.

మా తమ్ముడికి ఈ ప్రసంగం చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి అమ్మనే అడిగి బుక్ చేస్తాలే అక్కా" అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ వింది. "అడగడం కాదు, నువ్వొచ్చి తీసుకెళ్ళు" అంది.